రెండు గుణాల నడుమ ఒక ‘బట్’

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజున వేపపూత మహిమను గురించి గాని, పంచాంగ ఫలితాలను గురించి గాని నాలుగు మాటలు చెబుతానని మీరు అనుకొని ఉండవచ్చును. అవి నాకంటె బాగా చెప్పగల పెద్దలు ఇక్కడే ఉన్నారు. నేను మెట్రిక్యులేషన్ దాకా చదివి రైల్వేలో గుమాస్తాగా కుదురుకున్నవాణ్ణి. పొద్దున్న లేచింది మొదలు ఇంగ్లీషు కాగితాలతోనే నా కాపురం. అందుచేత ఆ కాగితాలలో నుంచే ఒక చిన్న మాటను ఏరి మీ ముందు పెడుతున్నాను. ఆ మాట ‘బట్’. ఇంగ్లీషులో మూడే అక్షరాలు. మన తెలుగులో ‘కాని’. మన చుట్టూ ఉన్న ఒరియా సోదరుల భాషలో ‘కింతు’.

ఈ చిన్న మాట మీద ప్రసంగమేమిటి అని నవ్వకండి. చీల చిన్నదే గదా, బండి చక్రం నిలిచేది దానివల్లనే. పైగా రెండు పూర్తి వాక్యాలను కలిపే ‘బట్’ జోలికి ఈ పూట నేను పోవడం లేదు. ఒకే మనిషికి గాని, ఒకే వస్తువుకు గాని రెండు గుణాలు చెప్పి, వాటి నడుమ ‘బట్’ను గాని, దాని బంధువులైన ‘యెట్’, ‘దో’ వంటి మాటలను గాని పెడతామే, అంతవరకే నా మాట. తరతరాలుగా మన దేశంలో పిల్లలు చదువుకున్న రెన్, మార్టిన్ గార్ల వ్యాకరణంలో ఇటువంటి ‘బట్’కు ‘అడ్వర్సేటివ్ కంజంక్షన్’ అని పేరు. ఎదురు నిలిచే సముచ్చయం అన్నమాట. ఆ రెన్ గారే 1924లో ‘బో జెస్ట్’ అనే నవల వ్రాసి ప్రసిద్ధుడైనాడు. వ్యాకరణం వ్రాసేవారు కథలు చెప్పలేరని అనుకునేవారికి ఆ మాట జ్ఞాపకం చేస్తున్నాను.

మొదటి సూత్రం మన సామెతలోనే ఉన్నది. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ కావాలంటారు. ‘బట్’ చేసేది కయ్యమూ, వియ్యమూ రెండూను. రెండు మాటలను ఎదురెదురుగా నిలబెడుతుంది, మళ్ళీ ఒకే తాడుతో కట్టివేస్తుంది. అందువల్ల రెండు ప్రక్కలా సమానస్థులు ఉండాలి. ‘పూర్ బట్ ఆనెస్ట్’ అంటే పేదవాడే కాని నిజాయితీపరుడు. రెండూ విశేషణాలే, సరిపోయింది. ‘స్లోలీ బట్ ష్యూర్లీ’ అంటే నెమ్మదిగానే కాని తప్పకుండా. రెండూ క్రియావిశేషణాలే, సరిపోయింది. ‘హీ వర్క్స్ స్లోలీ బట్ కేర్‌ఫుల్’ అన్నామా, ఒక కాలికి బూటు, రెండవ కాలికి చెప్పు తొడిగినట్లుంటుంది. ఈ సమానత్వం పైకి కనిపించే రూపంలో కాదు, చేసే పనిలో ఉండాలి. ‘టైర్డ్ బట్ ఇన్ గుడ్ స్పిరిట్స్’ అని నిక్షేపంగా వ్రాయవచ్చును. మొదటిది ఒక్కమాట, రెండవది మూడు మాటల పదబంధం. అయినా రెండూ ఆ మనిషి ఎట్లా ఉన్నాడో చెప్పేవే గనుక పొత్తు కుదిరింది.

రెండవ సూత్రం. ‘అండ్’ అనేది ఉమ్మడి కుటుంబం వంటిది. ఎందరినైనా పంక్తిలో కూర్చోబెడుతుంది: పొడుగు, సన్నం, తెలుపు, నిదానం అని ఎన్ని గుణాలైనా చెప్పి చివర ఒక ‘అండ్’ పెడితే చాలు. ‘బట్’ అట్లా కాదు. దానికి ఇద్దరే కావాలి. ఇటు ఒక పక్షం, అటు ఒక పక్షం. కావలసివస్తే ఒక పక్షంలో ఇద్దరిని ‘అండ్’తో కూర్చవచ్చును. ‘ఓల్డ్ అండ్ రస్టీ బట్ స్ట్రాంగ్’ అంటే పాతదీ తుప్పు పట్టినదీ కాని గట్టిది. పక్షాలు మాత్రం రెండే. పనిలో పనిగా ఇంకొక మాట. ‘ఎ పూర్ బట్ ఆనెస్ట్ మేన్’ అన్నప్పుడు ముందున్న ‘ఎ’ ఒక్కటే చాలును. ఉన్నది ఒకే మనిషి గదా! రెండవ గుణం ముందు మళ్ళీ ‘ఏన్’ తగిలిస్తే వినేవాడు రెండవ మనిషి కోసం వెతుక్కుంటాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. త్రాసుకు రెండు సిబ్బెలు ఉంటాయి. ‘అండ్’ పెడితే ముల్లు ఇంచుమించు మధ్యనే నిలుస్తుంది. ‘బట్’ పెడితే ముల్లు రెండవవైపుకు మొగ్గుతుంది. ఒక ఉద్యోగిని గురించి పైఅధికారి రెండు గుణాలు వ్రాయవలసి వచ్చినదనుకోండి. ‘స్లో బట్ కేర్‌ఫుల్’ అని వ్రాస్తే, ఆలస్యం చేస్తాడే గాని జాగ్రత్తగలవాడు అని అర్థం. చదివినవాడు “పోనీలే, మంచివాడే” అనుకుంటాడు. ‘కేర్‌ఫుల్ బట్ స్లో’ అని వ్రాస్తే, జాగ్రత్తగలవాడే గాని ఆలస్యపు మనిషి అని అర్థం. చదివినవాడు “వీడితో పని తెమలదు” అనుకుంటాడు. మాటలు అవే మూడు. మనిషీ వాడే. మారినదల్లా ఏది ముందు, ఏది వెనుక అన్నది మాత్రమే. కాని ఆ మార్పుతో ఒక సంసారి పదోన్నతి పైకో క్రిందికో పోవచ్చును.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. సర్వీసు నివేదికలో ఒక్కొక్క మాటకు ఎంత బరువున్నదో మన సుప్రీంకోర్టు 2008లో ఒక తీర్పులో విప్పి చెప్పినది. ఆ కేసులో ఒక ఇంజనీరుగారికి ఒక సంవత్సరపు నివేదికలో ‘గుడ్’ అని పడింది. మంచి మాటే గదా! కాని పదోన్నతికి కావలసినది ‘వెరీ గుడ్’. ఆ మంచి మాటే ఆయన పైకి పోకుండా అడ్డుపడింది. ఆ మాట పడినట్లు ఆయనకు తెలియజేయనూ లేదు. అందుచేత ప్రభుత్వోద్యోగి నివేదికలో మంచిదైనా చెడ్డదైనా ప్రతి అంచనాను అతనికి తెలియజేయవలెనని కోర్టువారు నిర్ణయించారు. కాబట్టి సోదరులారా, మీ నివేదిక మీ చేతికి వచ్చినప్పుడు గుణాలను మాత్రమే చూడకండి, వాటి నడుమ ఉన్నది ‘అండ్’ అయినదో ‘బట్’ అయినదో, ‘బట్’ తరువాత ఏమున్నదో చూడండి. అధికారులైన పెద్దలు కలం పట్టినప్పుడు కూడా ఆ సంగతి ఒక్క క్షణం తలచుకొందురుగాక.

ఏది వెనుక పెట్టాలి అనేదానికి ఒకే జవాబు లేదు. పార్సిల్ ఆఫీసు వ్యవహారం చూడండి. వానలో తడిసిన ఇనుప గొట్టాల కట్ట వచ్చినదనుకోండి. దానిని ‘వెట్ బట్ ఇంటాక్ట్’ అనడం న్యాయం. తడిసింది కాని చెక్కు చెదరలేదు, తుడిచేస్తే సరి. అదే పంచదార బస్తా అయితే? కుట్లు ఊడలేదు నిజమే, లోపలి సరుకు మాత్రం పాకమైపోయినది! అక్కడ ‘ఇంటాక్ట్ బట్ వెట్’ అనాలి. వెనుక నిలవవలసినది ఆ సందర్భంలో ఎవరికి ఏది ముఖ్యమో అది. ‘బట్’ ఎక్కడ పెట్టాలో వ్యాకరణం చెబుతుంది. దాని వెనుక ఏమి పెట్టాలో మన ధర్మబుద్ధి చెప్పాలి.

ఇప్పుడు ‘బట్’గారి దాయాది ‘దో’ వద్దకు పోదాము. ఇద్దరిదీ ఒకే వంశం, నడక మాత్రం తలక్రిందులు. ‘బట్’ బరువైన గుణం ముందు నిలబడుతుంది. ‘దో’ తేలికైన గుణం ముందు నిలబడుతుంది. ‘స్లో బట్ కేర్‌ఫుల్’ అన్నా, ‘కేర్‌ఫుల్ దో స్లో’ అన్నా భావం ఒక్కటే. రెండింటిలోను గెలిచేది జాగ్రత్తే. ‘దో స్లో, కేర్‌ఫుల్’ అని ముందుకు తెచ్చినా అంతే. ‘దో’ ఎక్కడ కూర్చుంటే ఆ గుణం తలవంచుకొంటుంది. ఇది మనకు కొత్త కాదు. తెలుగులో ‘అయినా’ చేసే పని ఇదే. “పేదవాడైనా నిజాయితీపరుడు” అంటాము. ‘అయినా’ పేదరికానికే అంటుకున్నది, గెలిచినది నిజాయితీ. ‘అయినా’ అనేది తోకలాగ వెనుక తగులుకుంటుంది; ‘దో’ తలపాగాలాగ ముందు నిలుస్తుంది. ఒరియాలో ‘హేలే బి’ అంటారు చూడండి, అదీ మన ‘అయినా’ పోలికదే. మూడిళ్ళలోనూ ఒకే వంట, గిన్నెలే వేరు.

ఇక్కడనే మన పిల్లలు జారిపడే మెట్టు ఒకటి ఉన్నది. ‘దో హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ ఆనెస్ట్’ అని వ్రాస్తారు. ఒకే తలకు రెండు తలపాగాలు! ‘దో’ ఉంటే ‘బట్’ అక్కరలేదు, ‘బట్’ ఉంటే ‘దో’ అక్కరలేదు. పిల్లలను కోప్పడి ప్రయోజనం లేదు. మన దేశభాషల పద్ధతి అటువంటిది. సంస్కృతంలో ‘యద్యపి’ అంటే వెంటనే ‘తథాపి’ రావాలి. ఆ జంట మన భాషలలో ఇంకిపోయినది. హిందీలో ముందు ‘హాలాఁకి’ అని తరువాత ‘లేకిన్’ అంటే ఎవ్వరూ తప్పు పట్టరు. ఇంగ్లీషు మాత్రం అక్కడ రెండవవాణ్ణి రానివ్వదు. ఒక్క ‘యెట్’కు మాత్రం సెలవున్నది: ‘దో హీ ఈజ్ పూర్, యెట్ హీ ఈజ్ ఆనెస్ట్’ అనడం పాతపద్ధతిగా ఉన్నా తప్పు కాదు.

‘యెట్’ అంటే జ్ఞాపకం వచ్చినది. ‘బట్’ ఎదురు చెబుతుంది. ‘యెట్’ ఎదురు చెప్పి కొంచెం ఆశ్చర్యపడుతుంది కూడాను. ‘స్మాల్ బట్ స్ట్రాంగ్’ అంటే చిన్నదే కాని గట్టిది. ‘స్మాల్ యెట్ స్ట్రాంగ్’ అంటే చిన్నదై కూడా, చూడండీ, ఎంత గట్టిదో అని కనుబొమలెత్తినట్లు. అందుకే ప్రకటనలు వ్రాసేవారికి ‘సింపుల్ యెట్ ఎలిగెంట్’ అనడం ప్రీతి. ఇంకొకాయన ఉన్నాడు, ‘ఆల్బీట్’ అని వ్రాతలో చూసి పలుకుతాము గాని, ఆయన అసలు పేరు ‘ఆల్-బీ-ఇట్’. ‘అట్లాగే అగుగాక’ అన్న పూర్తి మాట ముద్దకట్టి ఒక్క పదమైనది. ‘దో’ చేసే పనే పెద్దమనిషి తరహాగా చేస్తాడు. ఆఫీసు ఉత్తరాలలో నెలకు ఒకసారి కంటె ఎక్కువగా వాడితే ఉత్తరీయం వేసుకొని బజారుకు పోయినట్లుంటుంది.

అన్నిటికంటె ప్రమాదకరమైనది ‘ఇఫ్ నాట్’. ‘డిఫికల్ట్ ఇఫ్ నాట్ ఇంపాసిబుల్’ అన్నారనుకోండి. “కష్టం, బహుశా అసాధ్యం కూడానేమో” అని ఒకరు చదువుతారు. “కష్టమే గాని అసాధ్యం మాత్రం కాదు” అని మరియొకరు చదువుతారు. రెండు అర్థాలకూ ఇంగ్లీషువారిలోనే వాడుక ఉన్నది. నోటితో చెప్పేటప్పుడు గొంతు ఎత్తిన తీరు బట్టి తెలుసుకోవచ్చును. కాగితానికి గొంతు లేదు. సెలవు చీటీలో గాని, బదిలీ అర్జీలో గాని ఈ మాట పెట్టకుండా ఉండడమే క్షేమం. ‘డిఫికల్ట్ బట్ నాట్ ఇంపాసిబుల్’ అని వ్రాస్తే ఒకే అర్థం. అర్జీకి ఒకే అర్థం ఉండడం ఆరోగ్యం.

‘నాట్’ ముందు వచ్చి ‘బట్’ తరువాత వస్తే కథ మారుతుంది. ‘నాట్ లేజీ బట్ ఇల్’ అంటే సోమరి కాదు, జబ్బుమనిషి. ఇక్కడ రెండు గుణాలూ ఆ మనిషివి కావు. మొదటిదానిని కొట్టివేసి, దాని చోట రెండవదానిని పెడుతున్నాము. ఇది ఎదురు చెప్పడం కాదు, దిద్దడం. తెలుగులో ఇక్కడ ‘కాని’ అవసరం కూడా లేదు. ‘కాదు’ అనగానే పని అయిపోయినది. జర్మన్ భాషవారు ఈ రెండు పనులకు రెండు వేరు మాటలే పెట్టుకున్నారు. ఎదురు చెప్పడానికి ‘ఆబర్’, దిద్దడానికి ‘జొండర్న్’. స్పానిష్ వారికి ‘పేరో’, ‘సీనో’. ఇంగ్లీషువాడు రెండు పనులనూ ఒక్క ‘బట్’ నెత్తినే పెట్టాడు. చాలీచాలని సిబ్బందితో స్టేషను నడిపినట్లు! పాత ఇంగ్లీషులో ఈ ‘బట్’కు ‘వెలుపల’, ‘మినహా’ అని అర్థం. ‘ఆల్ బట్ వన్’ అంటే ఒకటి తప్ప తక్కినవన్నీ అనే వాడుకలో ఆ పాత అర్థం ఇంకా బ్రతికి ఉన్నది. మన ‘కాని’లో కూడా ‘కాకపోవడం’ దాగి ఉన్నది గదా. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మనము! మనిషి మనస్సు నడిచే దారి ఒకటే కాబోలు.

పెద్దలారా, ఇంతవరకు చెప్పినది వ్యాకరణం. ఇక చెప్పబోయేది మన ఇళ్ళలో సంగతి.

‘పూర్ బట్ ఆనెస్ట్’ అన్న మాటను మరొక్కమారు చూడండి. అందులో ఉన్న నిజాలు రెండు: ఆయన పేద, ఆయన నిజాయితీపరుడు. ‘అండ్’ పెట్టినా ఆ రెండు నిజాలే మిగులుతాయి. మరి ‘బట్’ అదనంగా తెచ్చినదేమిటి? 1918లో ఫ్రేగే అనే జర్మన్ తర్కవేత్త ఈ సంగతి స్పష్టంగా చెప్పినాడు. మొదటి మాట వినగానే మనం దేనిని ఎదురుచూస్తామో, తరువాత వచ్చేది దానికి విరుద్ధమని ‘బట్’ సూచన చేస్తుందట. అంటే ఏమన్నమాట? పేదవాడు అనగానే వాడు నిజాయితీ లేనివాడై ఉంటాడని మనం ముందే అనుకున్నాము! ఆ అభిప్రాయాన్ని మనం నోరు తెరిచి చెప్పలేదు. ‘బట్’ చాటున దాచి పంపించాము. నోరు తెరిచి చెప్పిన మాటను ఎవరైనా కాదనవచ్చును. చాటున వచ్చిన మాటను కాదనడం కష్టం. పైకి కనిపించేది మెచ్చుకోలు. లోపల ఉన్నది ఒక జాతి మొత్తానికి వేసిన నింద.

మన పెళ్ళి సంబంధాల మాటలు వినండి. “పిల్ల నలుపే కాని గుణవంతురాలు” అంటారు. ఎంత తేలికగా అంటారో! నలుపుకూ గుణానికీ పగ ఏమున్నది? ఆ ‘కాని’ అక్కడ లేకపోతే నలుపు ఒక రంగు. ఆ ‘కాని’ వచ్చి దానిని ఒక లోపం చేసినది. “ఆడపిల్ల అయినా బాగా చదువుతున్నది” అంటారు. ఆ ‘అయినా’ విన్న పిల్ల ఏమనుకుంటుంది? పొగిడారని సంతోషించాలా, ఆడపిల్లకు చదువు రాదని తేల్చినందుకు బాధపడాలా? ఈ సభలో ఉన్న అమ్మలకు, అక్కలకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఇక మన అందరి సంగతి. మన తాతలు రైలు పట్టాల వెంబడి, మిల్లుల వెంబడి, వ్యాపారాల వెంబడి ఈ నేలకు వచ్చినారు. మూడు తరాలైనది. ఇక్కడివారు కొందరు మనలను మెచ్చుకుంటూ ‘హీ ఈజ్ ఎ తెలుగు, బట్ స్పీక్స్ గుడ్ ఒరియా’ అంటారు. ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. సెలవులకు శ్రీకాకుళం వైపో, విజయనగరం వైపో చుట్టాల ఇంటికి పోతే వారూ మెచ్చుకుంటారు: “ఒరియా దేశంలో పుట్టాడు కాని తెలుగు చక్కగా మాట్లాడతాడు.” అక్కడా ‘కాని’, ఇక్కడా ‘బట్’. రెండు ఊళ్ళలోను మన పిల్లవాడు ఒక ఆశ్చర్యకరమైన వస్తువు అయినాడు. రెండు భాషలు రావడం వాడి సంపద. నడుమ పడిన ఆ చిన్న మాట వల్ల అది ఒక వింత అయి కూర్చున్నది.

వాళ్ళు అన్నారని నేను నిష్ఠూరం పోవడం లేదు. మనలను మనం ఏమని చెప్పుకుంటున్నాము అన్నదే నా ప్రశ్న. మన పిల్లలు బడిలో ఇంగ్లీషులో ‘మైసెల్ఫ్’ అని వ్యాసం వ్రాసేటప్పుడు, ‘ఐ యామ్ ఎ తెలుగు బాయ్ బట్ ఐ వాజ్ బార్న్ ఇన్ ఒడిశా’ అని వ్రాయడం కద్దు. వ్యాకరణం తప్పు లేదు, మాష్టరుగారు మార్కులు వేస్తారు. కాని పిల్లలారా, అక్కడ ‘బట్’ ఎందుకు? తెలుగువాడు కావడానికీ ఒడిశాలో పుట్టడానికీ తగవు ఎవరు పెట్టారు? ‘అండ్’ వ్రాయండి. ఇంట్లో అమ్మతో తెలుగు, వీధిలో స్నేహితునితో ఒరియా, ఆఫీసులో ఇంగ్లీషు. ఈ మూడింటికీ నడుమ కావలసినది ‘అండ్’ అనే ఉమ్మడి పంక్తి. ఎందరినైనా కూర్చోబెట్టగల పంక్తి అని ముందే చెప్పినాను గదా.

అట్లాగని ‘బట్’ను ఊరి నుంచి వెలివేయమనడం లేదు. అది లేకపోతే తడిసిన గొట్టాలకూ తడిసిన పంచదారకూ తేడా చెప్పలేము. నిజంగా ఎదురుపడే గుణాలు లోకంలో ఉన్నవి. మందు చేదు, కాని మేలు చేస్తుంది. దారి దగ్గర, కాని బురద. అటువంటి చోట నిస్సంకోచంగా వాడుకోండి. వాడబోయే ముందు మాత్రం మూడు ప్రశ్నలు వేసుకోండి. రెండు ప్రక్కలా సమవుజ్జీలు ఉన్నారా? బరువుండవలసిన గుణమే వెనుక నిలిచినదా? ఈ రెండు గుణాల నడుమ నిజంగా తగవున్నదా, లేక మనం పెడుతున్నామా? మొదటి రెండు ప్రశ్నలు పరీక్షలో మార్కులకు పనికివస్తాయి. మూడవది మనుషులతో బ్రతకడానికి పనికివస్తుంది.

 ఈ కొత్త సంవత్సరంలో మన పిల్లలు మూడు భాషలలోను మంచి మాటలు నేర్చి, వాటిని ఎక్కడ ఏది పెట్టాలో తెలిసినవారై వృద్ధిలోకి రావలెనని భగవంతుని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.